వీడ్కోలు వేళ

ప్రక్రియ: లేఖ

ఉద్దేశం

సేవ చేయాలన్న కోరిక ఎంత గొప్పదో, దానిని బాధ్యతతో ముగించడం అంత కష్టమైనది. సేవాకార్యంలో తొలి రోజుల ఉత్సాహం కన్న చివరి రోజుల వివేకమే ఎక్కువ ఫలితాన్నిస్తుందని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

నేపథ్యం

డిగ్రీ పూర్తి చేసిన ఒక విద్యార్థిని స్వచ్ఛంద సేవకురాలిగా నేపాల్‌లోని ఒక కొండగ్రామానికి వెళ్ళింది. అక్కడి పాఠశాలలో పిల్లలకు చదువు చెప్పడం, తోటి సేవకులతో కలిసి పాఠశాల ప్రహరీగోడ కట్టడం ఆమె పని. రెండు నెలల గడువులో ఇంక తొమ్మిది రోజులు మాత్రమే మిగిలి ఉండగా, మనసులోని కలతను తెలుపుతూ, ఇంటర్మీడియట్‌లో తనకు పాఠాలు చెప్పిన అధ్యాపకునికి ఆమె ఉత్తరం వ్రాసింది. దానికి ఆయన భీమునిపట్నం నుండి వ్రాసిన సమాధానమే ఈ పాఠం.

పాఠం

భీమునిపట్నం,
ఫిబ్రవరి నెల.

ప్రియమైన శిష్యురాలికి,

ఆశీస్సులు. నీవు పంపిన ఈ-మెయిల్ నిన్న రాత్రి అందినది. రెండుసార్లు చదివాను. వెంటనే సమాధానం వ్రాయబోయి ఆగిపోయాను. ఓదార్పు మాటలు నాలుగు వ్రాసి పంపడం సులభమే. కాని నీవడిగినది ఓదార్పు కాదు. అందువలన ఈ ఉదయం సముద్రతీరం దాకా నడిచి వచ్చి, ఆలోచించుకొని ఇప్పుడు వ్రాస్తున్నాను.

నీ ఉత్తరంలో మూడు బాధలున్నాయి. మొదటిది, మీరు మొదలుపెట్టిన గోడ సగంలో ఉన్నది. తొమ్మిది రోజులలో అది పూర్తి కాదు. రెండవది, "మేము రాకముందు ఈ ఊరు బ్రతికింది, వెళ్ళిన తరువాత కూడా బ్రతుకుతుంది, ఇక మేము వచ్చి చేసినదేమున్నది?" అన్న నిరాశ. మూడవదానిని నీవు చివర రెండు వాక్యాలలో చెప్పి వదిలివేశావు. మూడో తరగతి చదివే పాప నీ చేయి పట్టుకొని, "దీదీ, మళ్ళీ ఎప్పుడు వస్తావు?" అని అడిగితే, "వచ్చే ఏడాది తప్పక వస్తాను" అని అన్నావు. రాలేవని ఆ క్షణంలోనే నీకు తెలుసు. ఆ రాత్రి నిద్ర పట్టలేదని వ్రాశావు.

నా దృష్టిలో ఈ మూడింటిలో పెద్దది మూడవదే. ఎందుకో చెప్పడానికి నా కథ ఒకటి చెప్పాలి. తరగతిలో మీకెన్నో కథలు చెప్పాను గాని, దీనిని ఎప్పుడూ చెప్పలేదు. చెప్పుకోదగిన గొప్పతనం నాకు ఇందులో లేదు.

ఇప్పుడు నేను కూర్చున్న చోటికి కొద్ది దూరంలో గోస్తనీ నది సముద్రంలో కలుస్తున్నది. అనంతగిరి కొండలలో పుట్టిన ఆ నది బొర్రా గుహల మీదుగా ప్రవహించి ఇక్కడ తన ప్రయాణం ముగిస్తుంది. ఈ ఊరు రాకపోకలు ఎరిగిన ఊరు. పావురాలకొండ మీద ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు నివసించారు. పదిహేడవ శతాబ్దంలో డచ్చివారు వ్యాపారానికి వచ్చి స్థావరం ఏర్పరచుకున్నారు. 1825లో ఈ స్థావరం ఆంగ్లేయుల వశమైంది. 1861లో ఇక్కడ పురపాలక సంఘం ఏర్పడింది. దేశంలోని పాత పురపాలక సంఘాలలో ఇది ఒకటి. తరువాతి కాలంలో ఊరు మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసింది. నేడు డచ్చివారి వ్యాపారం లేదు, వారి అధికారమూ లేదు. మిగిలినవి వారి సమాధులు. ఎండకు, ఉప్పుగాలికి అరిగిపోతున్న ఆ రాళ్ళ మీద వారి భాషలో చెక్కిన అక్షరాలు ఇంకా కనిపిస్తాయి. వచ్చినవారు ఏమి తీసుకొని వెళ్ళారు, ఏమి వదలి వెళ్ళారు అన్న ప్రశ్న ఈ ఊరిలో తిరిగే వానికి సహజంగానే కలుగుతుంది.

ఇరవై ఏళ్ళ క్రిందట నేను డిగ్రీ విద్యార్థిగా ఈ తీరానికి వచ్చాను. జాతీయ సేవా పథకం క్రింద ఏడు రోజుల ప్రత్యేక శిబిరం అది. ఆ పథకం చరిత్ర నీకు కొంత తెలిసే ఉంటుంది. విద్యార్థులు స్వచ్ఛందంగా దేశసేవలో పాల్గొనాలని డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం సూచించింది. మన విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1931 నుండి 1936 వరకు ఉపాధ్యక్షులుగా పనిచేసినది ఆయనే. ఇతర దేశాలలో యువకుల సేవ ఎట్లా జరుగుతున్నదో కె.జి. సైయిదైన్ పరిశీలించి నివేదిక సమర్పించారు. ఇటువంటి ఆలోచనలన్నీ కలిసి, గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాలలో జాతీయ సేవా పథకం ప్రారంభమైంది. "నేను కాదు, మీరు" అన్నది దాని ఆదర్శం. దాని చిహ్నం కోణార్క దేవాలయంలోని రథచక్రం. ఆ చక్రంలోని ఎనిమిది ఆకులు రోజులోని ఎనిమిది జాములకు గుర్తు. ఏ వేళనైనా సేవకు సిద్ధంగా ఉండాలని దాని భావం. రెండు సంవత్సరాలలో 240 గంటలు సేవ చేయాలన్నది నియమం.

ఆ చిహ్నాన్ని చొక్కాకు తగిలించుకొని బస్సు దిగినప్పుడు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. మేము దిగిన చోటు మత్స్యకారుల వాడ. పగలు తీరాన్ని శుభ్రపరచడం, సాయంకాలం పిల్లలకు చదువు చెప్పడం మా కార్యక్రమం. మొదటి రాత్రే ఒక వృద్ధ మత్స్యకారుడు మమ్మల్ని ఇసుక తిన్నెల వద్దకు తీసుకొనిపోయి తాబేలు గుడ్లు పెట్టిన చోటును చూపించాడు. వాడలో అందరూ ఆయనను తాత అని పిలిచేవారు. మేమూ అట్లాగే పిలిచాము.

అవి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు. జనవరి నుండి మార్చి వరకు రాత్రివేళ ఆడ తాబేలు కెరటాలు దాటి తీరానికి వస్తుంది. వెనుక కాళ్ళతో ఒకటిన్నర అడుగు లోతున కుండవంటి గుంత తవ్వుతుంది. అందులో సుమారు వంద గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, గుర్తు తెలియకుండా చదును చేసి, వెనుదిరిగి చూడకుండా సముద్రంలోకి వెళ్ళిపోతుంది. పొదిగే తల్లి ఉండదు. ఇసుక వెచ్చదనమే ఆ గుడ్లను పొదుగుతుంది. పుట్టేది ఆడదో మగదో నిర్ణయించేది కూడ ఆ వెచ్చదనమే. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు ఎక్కువగా పుడతాయి. నలభై అయిదు నుండి అరవై రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. వెయ్యింటిలో ఏ ఒకటి రెండో పెద్దవై మళ్ళీ తీరం చేరుతాయని అంచనా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలు ఈ ప్రాణికి రక్షణ కల్పించింది. తాతకు మాత్రం చట్టంతో పనిలేదు. "శ్రీకూర్మంలో మొక్కుతాం కదా బాబూ, ఇక్కడ ఎలగ తొక్కుతాం?" అన్నాడు.

మాకు ఉత్సాహం పొంగింది. నాలుగు గూళ్ళను గుర్తించి, వెదురు కర్రలు పాతి, పాతవల చుట్టి, కుక్కలు రాకుండా కంచె కట్టాము. నిజమైన సేవ అంటే ఇదే అనుకున్నాము.

అయిదవ రాత్రి నేను చేసిన పని విను. ఒక తాబేలు మా కళ్ళ ముందే తీరానికి వచ్చింది. అలసటతో ఆగి ఆగి పైకి పాకుతున్నది. దూరంగా కూర్చోమని, వెలుగు చూపవద్దని తాత ముందే చెప్పాడు. కాని దానిని దగ్గరగా చూడాలన్న ఆత్రంతో నేను టార్చిలైటు వేశాను. అది ఒక్క క్షణం ఆగింది. తరువాత మెల్లగా వెనుకకు తిరిగి, గుడ్లు పెట్టకుండానే కెరటాలలోకి పోయింది. ఇసుక మీద వచ్చిన జాడ, పోయిన జాడ రెండూ ప్రక్కప్రక్కన మిగిలాయి.

తాత నన్ను తిట్టలేదు. "ఏటి బాబూ, దాన్ని సూడ్డానికొచ్చారా, కాయడానికొచ్చారా?" అన్నాడు. అంతే. కొంతసేపటికి, "రేపో ఎల్లుండో మరో చోట మళ్ళీ వత్తాదిలే" అని తానే సర్దిచెప్పాడు. నా వయసు వారికి ఆ ప్రశ్న చాలు. ఎదుటివారి కోసం వచ్చాననుకుంటూ నా కుతూహలం కోసం పని చేశానని ఆ రాత్రి తెలిసింది.

ఆరవ రోజు సాయంకాలం ముగింపు సభకు ఏర్పాట్లు సాగుతున్నాయి. కాగితపు తోరణాలు కడుతున్నాము. ఎవరెవరు ప్రసంగించాలో నిర్ణయిస్తున్నాము. తాత వచ్చి ఒక మూల కూర్చున్నాడు. మా కార్యక్రమాధికారి ఆయనను పలకరించి, శిబిరం ఎట్లా జరిగిందని అడిగారు.

"బాగుంది బాబూ. తీరం ఊడిసినారు. కంచె కట్టినారు. రేపు మీ బస్సు ఎల్లిపోద్ది. ఎల్లుండి కుక్కలొత్తే ఎవుల్ని పిలవాల? గుడ్లు పగలడానికి ఇంకా నలభై రోజులుంది. మీకు ఏడు రోజులే ఉంది."

ఎవరమూ మాట్లాడలేదు. మా మిత్రుడొకడు గుడ్లను తవ్వి కళాశాల ప్రయోగశాలకు తీసుకొనిపోదామన్నాడు. అది ఎంత ప్రమాదమో కార్యక్రమాధికారి వివరించారు. గుడ్డు పెట్టిన కొన్ని గంటలకే లోపలి పిండం పెంకుకు అంటుకుంటుంది. తరువాత గుడ్డును అటూ ఇటూ త్రిప్పితే పిండం చనిపోతుంది. మంచి చేయబోయి ప్రాణం తీసినట్లవుతుంది. ఆ తరువాత ఆయన తోరణాలు కట్టడం ఆపించి, "రేపటి ఉపన్యాసాల సంగతి వదలండి. ఈ రాత్రి, రేపు ఉదయం ఈ ఊరికి మనం అప్పగించవలసినవేమిటో చూడండి" అని అన్నారు.

ఆ రాత్రి చేసిన పనే మా శిబిరం మొత్తంలో పనికివచ్చిన పని. ఒక నోటుపుస్తకం తీసుకొని గూళ్ళను ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వ్రాశాము. ఒక్కొక్క గూడు ఏ కొబ్బరిచెట్టుకు ఎన్ని అడుగుల దూరంలో ఉన్నదో కొలిచి నమోదు చేశాము. గుడ్లు పెట్టిన తేదీ, పిల్లలు బయటికి రాగల తేదీ లెక్కకట్టాము. కొత్తగా పుట్టిన పిల్లలు వెలుగున్న వైపుకే నడుస్తాయి. చీకటి రాత్రి తీరంలో అన్నిటికన్న వెలుగుగా కనిపించేది సముద్రమే. కాని రోడ్డు ప్రక్కన దీపాలుంటే అవి అటే పాకిపోయి చచ్చిపోతాయి. కనుక ఆ రోజులలో రోడ్డు వైపు గోనెపట్టాలు అడ్డు పెట్టాలని వ్రాశాము. సాయంకాలపు బడికి వచ్చే పిల్లలలో ముగ్గురు ముందుకు వచ్చారు. మేము వారికి చెప్పాము, వారు మాకు తిరిగి చెప్పారు. తప్పు చెప్పిన చోట సరిదిద్దాము. నిజానికి వారు మాకు సరిదిద్దిన తప్పులే ఎక్కువ. కెరటాలు ఎంతవరకు వస్తాయో, ఏ కుక్కలు ఏ దారిన వస్తాయో వారికి తెలిసినట్లు మాకు తెలియదు. తెల్లవారేసరికి నోటుపుస్తకంలో సగం అక్షరాలు వారివే.

ఇంతవరకు బాగున్నది. ఇప్పుడు నా తప్పు.

బస్సు ఎక్కుతుండగా ఆ ముగ్గురిలో చిన్నవాడు నా చొక్కా పట్టుకొని, "పిల్లలు బయటికొచ్చే రోజుకు వస్తారా అన్నా?" అని అడిగాడు. "తప్పకుండా వస్తాను" అన్నాను. వాడి ముఖం వెలిగింది. ఆ వెలుగు చూడడం కోసమే ఆ మాట అన్నానని నేడు అనిపిస్తుంది. మార్చి చివర మాకు పరీక్షలు. ఆ సంగతి అప్పుడు నాకు తెలియనిది కాదు. నేను వెళ్ళలేదు. వెళ్ళలేకపోతున్నానని ఒక కార్డు ముక్క కూడ వ్రాయలేదు.

ఏప్రిల్ రెండవ వారంలో కళాశాల చిరునామాకు ఒక పోస్టుకార్డు వచ్చింది. పెన్సిలుతో వ్రాసిన అక్షరాలు. ఒక గూడును కుక్కలు తవ్వివేశాయని, ఒక గూడులోకి పోటునీరు వచ్చిందని, మిగిలిన రెండు గూళ్ళలోని పిల్లలు రెండు రాత్రులలో సముద్రంలోకి వెళ్ళాయని, గోనెపట్టాలు పట్టుకొని తెల్లవారేవరకు నిలుచున్నామని వ్రాశారు. చివర ఒక వాక్యం ఉన్నది: "మీరు వస్తారని తమ్ముడు రోజూ బస్సు కాడ చూసినాడు."

అమ్మా, తాబేళ్ళ విషయంలో మేము చేసిన సేవ సగం ఫలించింది. రెండు గూళ్ళు దక్కాయి. మేము లేకపోయినా దక్కాయి, ఎందుకంటే అప్పగింత సరిగా జరిగింది. ఆ పిల్లవాని విషయంలో మాత్రం నేను ఓడిపోయాను. నోటుపుస్తకంలో అడుగులు కొలిచి వ్రాసిన నేనే, నోటితో అన్న మాటను కొలవలేకపోయాను. మరుసటి వేసవిలో ఇక్కడికి వచ్చాను. వాడు నన్ను గుర్తుపట్టాడు. కోపగించుకోలేదు. కాని ఆ తరువాత ఎన్నడూ నన్ను "మళ్ళీ ఎప్పుడు వస్తారు?" అని అడగలేదు. అదే నాకు శిక్ష. కొన్నేళ్ళకు ఈ ప్రాంతంలోనే ఉద్యోగం దొరికినప్పుడు ఈ ఊరిలో ఇల్లు అద్దెకు తీసుకోవడానికి గల కారణాలలో ఇది ఒకటి.

ఇక గోడ సంగతి. సగంలో వదలి రావడం అవమానమని నీవు బాధపడుతున్నావు. చరిత్రలో ఇటువంటి సందర్భాన్ని ఒకదానిని చెబుతాను. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు దేశంలోని వెర్డున్ ప్రాంతం నేలమట్టమైంది. 1920లో స్విట్జర్లాండుకు చెందిన పియరె సెరెసోల్ అనే ఇంజనీరు, జర్మనులతో సహా కొన్ని దేశాల వారిని కూడగట్టుకొని, అక్కడి ఏన్ అనే గ్రామాన్ని తిరిగి కట్టడానికి వెళ్ళాడు. నిన్నటి శత్రువుల ఊరిని శత్రుదేశస్థులే బాగుచేయడం ఎంత ఉన్నతమైన భావమో ఆలోచించు. ఆ చలికాలమంతా వారు తాత్కాలిక గృహాలు నిర్మించారు, పొలాలు బాగుచేశారు. కాని యుద్ధం చేసిన గాయాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. జర్మనుల సహాయం కొందరికి మింగుడుపడలేదు. 1921 వసంతంలో పని అసంపూర్తిగా ఉండగానే వారు ఆ గ్రామం విడిచిపెట్టవలసివచ్చింది.

లోకం దృష్టిలో అది ఓటమి. కాని ఆ ప్రయత్నం నుండే అంతర్జాతీయ స్వచ్ఛంద సేవా సంస్థ ఒకటి రూపొందింది. 1934 జనవరి 15న బీహారులో ఘోరమైన భూకంపం వచ్చినప్పుడు అదే సెరెసోల్ మన దేశానికి వచ్చాడు. కొద్దిమంది సహచరులతో కలిసి, స్థానికులతో చేయి చేయి కలిపి, నష్టపోయిన పల్లెలవారికి ఇళ్ళు కట్టే పనిలో పాల్గొన్నాడు. ఆ పని 1937 వరకు సాగింది. సగంలో ఆగిన పని అంతా వృథా కాదు. ఎందుకు ఆగిందో తెలుసుకొని, తెలుసుకున్నదానిని తరువాతి పనిలోకి తీసుకొనిపోయినప్పుడు అది పునాది అవుతుంది. ఊరివారి మనసు తెలియకుండా ఊరిని కట్టలేమన్న పాఠం ఆ సగం పని నేర్పినదే అనిపిస్తుంది.

నీవు పనిచేస్తున్న దేశానికీ భూకంపమంటే ఏమిటో తెలుసు. 2015 ఏప్రిల్ 25 నాటి భూకంపంలో అక్కడ దాదాపు తొమ్మిదివేల మంది మరణించారు. అంత దుఃఖాన్ని దిగమింగి మళ్ళీ ఇళ్ళు కట్టుకున్న ప్రజల ముందు మీరు సగం గోడ గురించి సిగ్గుపడవలసిన పని లేదు. గోడలు కట్టడం వారికి మీకన్న బాగా వచ్చు. కాని మీరు ఆ సగాన్ని ఎట్లా అప్పగిస్తారన్నది మాత్రం ముఖ్యం. కావున మిగిలిన తొమ్మిది రోజులలో చేయవలసినవిగా నాకు తోచినవి చెబుతాను.

కొత్త పని ఏదీ మొదలుపెట్టకండి. చివరి రోజులలో తొందరపడి కట్టిన వరుస వానకాలానికి నిలవదు. కట్టినంతవరకు గట్టిపరచండి. మిగిలిన రాయి ఎంత, సిమెంటు ఎంత, పనిముట్లు ఎన్ని, ఖర్చు ఎంత అయినది, చేతిలో ఎంత ఉన్నది అన్నవి వారి భాషలో వ్రాయించి, పాఠశాల పెద్దల సమక్షంలో చదివి అప్పగించండి. లెక్క చెప్పడం అనుమానాన్ని తీర్చడానికే కాదు, అది ఎదుటివారికి ఇచ్చే గౌరవం కూడ.

నీవు పిల్లలకు చెప్పిన పాఠాలు ఎంతవరకు వచ్చాయో అక్కడి ఉపాధ్యాయులకు తెలియజేయి. ఏ పిల్లకు ఏ లెక్క రాలేదో నీకు తెలుసు. ఆ తెలివి నీతోపాటు బస్సెక్కి వచ్చేస్తే ఎవరికి లాభం?

ఫోటోలు తీసుకునేటప్పుడు తాత అన్న మాట తలచుకో: చూడడానికా, కాయడానికా? చినిగిన చొక్కాతో ఉన్న పిల్లవాని ప్రక్కన నవ్వుతూ నిలబడే ముందు, మన ఇంటి పిల్లవానిని పరాయివారు ఆ విధంగా చూపితే మనకు ఎట్లా ఉంటుందో ఆలోచించు. పెద్దల అనుమతి అడుగు. వద్దంటే సంతోషంగా మానుకో.

వారు నీకు ఇచ్చినవాటిని కూడ జాబితా వ్రాసుకో. అన్నం పెట్టిన ఇల్లు, దారి చూపిన చేయి, భాష నేర్పిన పిల్లలు. పరోపకారం చేయడానికి వెళ్ళినవారు తాము పొందిన ఉపకారాన్ని మరచిపోవడం సాధారణంగా జరుగుతుంది. వీడ్కోలు సభలో మీరు చేసినవి చెప్పుకోవడానికి బదులు వారు చేసినవి చెప్పండి.

చివరిది, అన్నిటికన్న కష్టమైనది. ఆ పాప వద్దకు వెళ్ళు. చివరి రోజున వద్దు, రేపే వెళ్ళు. ఏడ్చే సమయం, కోపగించుకునే సమయం, మళ్ళీ మామూలుగా మాట్లాడే సమయం ఆ పాపకు మిగలాలి. "వచ్చే ఏడాది వస్తానని అన్నాను. అది నిజం కాదు. నేను రాలేకపోవచ్చు. నీవు బాధపడతావని అట్లా అన్నాను" అని చెప్పు. పిల్లలు నిజాన్ని మనం అనుకున్నదానికన్న బాగా భరిస్తారు. వారు భరించలేనిది బస్సు కాడ ఎదురుచూడడం. తరువాత నీవు నిలబెట్టుకోగల మాట ఏదైనా ఉంటే అదే ఇవ్వు. నెలకొక ఉత్తరం వ్రాయగలవా? వ్రాయగలిగితేనే అను. రెండు నెలలకొకటి మాత్రమే సాధ్యమైతే రెండు నెలలకొకటి అని చెప్పు. చిన్నమాట ఇచ్చి నిలబెట్టుకున్నవారే పెద్దవారు.

"మేము రాకపోయినా ఈ ఊరు బ్రతుకుతుంది" అని వ్రాశావు. ఆ మాటను నిరాశతో అన్నావు గాని, సేవకునికి అంతకు మించిన శుభవార్త లేదు. మనం లేకపోతే నిలవని పని చేసి వస్తే అది వారి మెడకు కట్టిన బరువు. మనం వెళ్ళిన తరువాత కూడ సాగే పనిలో నాలుగు రాళ్ళు వేసి వస్తే అది సేవ.

ఈ ఉదయం తీరంలో కొత్త జాడలు కనిపించాయి. రాత్రి ఒక తాబేలు వచ్చి వెళ్ళింది. నాడు పోస్టుకార్డు వ్రాసిన ముగ్గురిలో పెద్దది ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి. ఆమె పెద్దబిడ్డ నాకన్న ముందే వచ్చి కొబ్బరిచెట్టు నుండి అడుగులు కొలుస్తున్నది. నోటుపుస్తకం ఎన్నోది అని అడిగాను. "ఎన్నోదో తెల్దు మాస్టారూ, అమ్మనడగాల" అన్నది. తాత కాలం చేసి చాలా ఏళ్ళయింది.

క్షేమంగా తిరిగి రా. వచ్చిన తరువాత ఒకసారి భీమునిపట్నం వస్తానని వ్రాశావు. ఎప్పుడు వస్తావో ఆలోచించుకొని, రాగలిగిన తేదీనే వ్రాయి. మార్చి నెలాఖరుకు రాగలిగితే మంచిది. గోనెపట్టాలు పట్టుకోవడానికి మనుషులు కావాలి.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి,
మాస్టారు.

కఠిన పదాలు – అర్థాలు

స్వచ్ఛందం = తన ఇష్టప్రకారం చేసేది
ప్రహరీగోడ = చుట్టుగోడ
స్థావరం = నివాసస్థానం, మజిలీ
జాము = మూడు గంటల కాలం
ఆత్రం = తొందర
పిండం = గుడ్డులో పెరుగుతున్న ప్రాణి
పోటునీరు = ఉప్పెత్తున పైకి వచ్చే సముద్రపు నీరు
అప్పగింత = బాధ్యతను మరొకరికి ఒప్పజెప్పడం
వృథా = వ్యర్థం
కాలం చేయు = మరణించు
శ్రేయోభిలాషి = మేలు కోరేవాడు

అభ్యాసం

అ) ఏకపద / ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. జాతీయ సేవా పథకం ఏ సంవత్సరంలో ప్రారంభమైంది?
2. గోస్తనీ నది ఎక్కడ సముద్రంలో కలుస్తుంది?
3. తాబేలు గుడ్లను పొదిగేది ఏది?
4. ఏన్ గ్రామాన్ని తిరిగి కట్టడానికి పూనుకున్న ఇంజనీరు ఎవరు?

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. "చూడడానికా, కాయడానికా?" అన్న ప్రశ్న లేఖకునిలో కలిగించిన మార్పును వివరించండి.
2. గుడ్లను ప్రయోగశాలకు తీసుకొనిపోవడానికి కార్యక్రమాధికారి ఎందుకు అంగీకరించలేదు?
3. పోస్టుకార్డులోని చివరి వాక్యం లేఖకుని ఎందుకు బాధించింది?

ఇ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. సేవాకార్యం చివరి రోజులలో పాటించవలసినవిగా లేఖకుడు చెప్పిన విషయాలను మీ మాటలలో వ్రాయండి.
2. "మనం లేకపోతే నిలవని పని చేసి వస్తే అది వారి మెడకు కట్టిన బరువు." ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా చర్చించండి.

ఈ) భాషాంశాలు
1. సంధులు: విద్యార్థి = విద్యా + అర్థి (సవర్ణదీర్ఘ సంధి); పరోపకారం = పర + ఉపకారం (గుణ సంధి); ఏమున్నది = ఏమి + ఉన్నది (ఇకార సంధి).
2. సమాసాలు: సముద్రతీరం = సముద్రము యొక్క తీరం (షష్ఠీ తత్పురుష); రాకపోకలు = రాకయును, పోకయును (ద్వంద్వ సమాసం).

ఉ) కృత్యం
మీ కళాశాల జరిపిన ఏదైనా ఒక సేవాకార్యక్రమాన్ని తీసుకొని, అది ముగిసిన తరువాత ఆ ఊరిలో ఏమి మిగిలిందో అక్కడివారిని అడిగి తెలుసుకొని ఒక నివేదిక వ్రాయండి.